కుడి చెవిలో జానీ రమోన్

నా ఇయర్‌ఫోన్లలో ఎడమవైపుది పాడైపోయిన రోజున నాకు జానీ రమోన్ గిటార్ మొదటిసారి సరిగ్గా వినిపించింది.

మియాపూర్‌లో మెట్రో ఎక్కి, జానీ గిటార్ వాయించిన అమెరికన్ రాక్ బ్యాండ్ రమోన్స్ మొదటి ఆల్బమ్ పెట్టుకున్నాను. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ హార్డ్ డిస్క్‌లోంచి కాపీ చేసుకున్నప్పటి నుంచి దాన్ని ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం పాట వేరేగా ఉంది. డ్రమ్స్ ఉన్నాయి, గొంతు ఉంది, గిటార్ ఉంది. కానీ వాటిని కింద నుంచి మోసే బరువు లేదు. ఫైల్ పాడైందేమో అనుకున్నాను. అమీర్‌పేటలో రైలు మారాక గానీ తెలియలేదు, ఎడమ చెవిలోకి అసలు ఏమీ రావడం లేదని.

1976లో ఆ ఆల్బమ్‌ను మిక్స్ చేసిన తీరే అంత. అరవైల నాటి తొలి స్టీరియో రికార్డుల్లో లాగా వాయిద్యాలను రెండు పక్కలకీ విడదీశారు. బేస్ గిటార్, అంటే లావు తీగలతో కింది స్వరాలు పలికేది, ఎడమవైపు, మామూలు గిటార్ కుడివైపు, డ్రమ్స్, గొంతు మధ్యలో. ఎడమవైపు ఆగిపోతే బేస్ వెళ్ళిపోతుంది. జానీ వాయించింది బట్టబయలుగా మిగులుతుంది.

అలా విన్న గిటార్ నేను ఇన్నేళ్ళూ అనుకున్నంత లావుగా లేదు. పల్చగా, గరుగ్గా, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడుతున్నట్టు ఉంది. కార్డ్‌లో, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులో, ఏ తీగ ఎక్కడుందో కూడా తెలుస్తోంది. రాయదుర్గంలో దిగాల్సింది మర్చిపోయి, అది చివరి స్టేషన్ కాబట్టి అందరూ దిగాక దిగాను.

అప్పటికి రెండేళ్ళుగా నేను ఆ టోన్ కోసం, అంటే ఆ గిటార్ శబ్దపు తీరు కోసం, తంటాలు పడుతున్నాను. గిటార్ శబ్దాన్ని గరుకుగా చీల్చే డిస్టార్షన్ పెడల్ కొన్నాను, అమ్మేసి ఇంకొకటి కొన్నాను. ఆ చీలికను పెంచే గెయిన్ మీట చివరిదాకా తిప్పాను. గుంయ్‌మని మోగేది, గదిలో ఒక్కణ్ణే ఉంటే బాగానే అనిపించేది. కానీ రికార్డు పక్కన పెట్టి వాయిస్తే నాది బురదలా ఉండేది. ఇంకా గెయిన్ కావాలేమో అనుకుని ఇంకా పెంచేవాణ్ణి. ఆ మెట్రో ప్రయాణంలో నా పొరపాటు తెలిసింది. నేను గిటార్‌లోంచి రప్పించాలని చూస్తున్న ఆ లావు అసలు గిటార్‌ది కాదు. సగానికి పైగా ఎడమవైపున్న డీ డీ రమోన్ బేస్ గిటార్‌ది. రెండు వాయిద్యాల పని ఒక్కదానితో చేయించాలని చూశాను.

ఈ శబ్దం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. పంతొమ్మిదేళ్ళ వయసులో నాకు గిటార్ అంటే భయం. హాస్టల్లో వాయించేవాళ్ళందరూ సోలోలు సాధన చేసేవాళ్ళు. స్కేళ్ళు, వేగం, పోటీ. నా వేళ్ళకు అవేవీ వచ్చేవి కావు. అప్పుడు ఈ ఆల్బమ్ విన్నాను. 14 పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు. సోలోలకు దాదాపు చోటే లేదు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఫారెస్ట్ హిల్స్ అనే పేట కుర్రాళ్ళు నలుగురు 1974లో బ్యాండ్ పెట్టుకుని, అన్నదమ్ములు కాకపోయినా నలుగురూ రమోన్ అని ఇంటిపేరు తగిలించుకుని, వచ్చిన నాలుగు కార్డులతోనే కొత్త సంగీతం మొదలుపెట్టారు. 1976 ఫిబ్రవరిలో, రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనంలోని ప్లాజా సౌండ్ స్టూడియోలో, వారం రోజుల్లో రికార్డింగ్ అయిపోయింది. ఖర్చు 6,400 డాలర్ల దాకా. అది విన్న మర్నాడే నేను ఒక స్నేహితుడి గిటార్ అడిగి తీసుకున్నాను. ఇవాళ ఆ నలుగురిలో ఒక్కరూ లేరు. జానీ 2004లో పోయాడు. నా చేతిలో గిటార్ ఉందంటే ఆయన వల్లే. ఆ శబ్దాన్ని నా చేతులతో ఒక్కసారైనా సరిగ్గా పలికించాలన్నది నాకు చిన్న కోరిక కాదు.

మెట్రో సంగతి జరిగిన రాత్రే పెడల్ తీసి పక్కన పెట్టాను. గిటార్‌ను నేరుగా ఆంప్‌కి (శబ్దాన్ని పెంచి వినిపించే యాంప్లిఫయర్‌కి) తగిలించి, గెయిన్ మూడో వంతుకు తగ్గించి వాయించాను. నిజం చెప్పాలంటే చప్పగా ఉంది. కానీ ఈసారి రికార్డు కుడివైపుతో పోల్చి చూస్తే దూరం బాగా తగ్గింది. ఇంకో తేడా కూడా పట్టుబడింది. నేను వాయిస్తున్నవి పవర్ కార్డులు, అంటే రెండు మూడు తీగలే. జానీ వాయించేవి పూర్తి బార్ కార్డులు. చూపుడువేలు తీగలన్నిటి మీదా పరిచి ఆరింటినీ మోగిస్తాడు.

ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ టోన్ అంతా ఇక్కడే మారుతుంది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మన సంగీతం భాషలో పవర్ కార్డ్ అంటే సా, పా మాత్రమే. బార్ కార్డ్‌లో గాంధారం కూడా చేరుతుంది. రెండు స్వరాలు కలిసి డిస్టార్షన్‌లోంచి వెళ్తే ఆ రెండే బయటికి రావు. వాటి ఫ్రీక్వెన్సీల తేడా, మొత్తం కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లను ఫ్రెట్లు అంటారు. ఐదో ఫ్రెట్ దగ్గర ఎ కార్డ్ తీసుకోండి. సా 110 హెర్ట్జ్, పా 165. తేడా 55. అది అదే సా, ఒక స్థాయి కింద. అంటే సా, పా వాయిస్తే డిస్టార్షన్ దానంతట అదే కింద ఇంకో సా చేర్చి పెడుతుంది. అందుకే పవర్ కార్డ్ ఎంత గెయిన్‌లోనైనా చెదరదు. ఇప్పుడు గాంధారం. శుద్ధంగా పలికితే అది 275 దగ్గర ఉండాలి. గిటార్ ఫ్రెట్లు స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తాయి కాబట్టి 277 దగ్గర పడుతుంది. కార్డ్‌లో దాని పక్కనే ఉండే పై స్థాయి సా 220. దానితో తేడా 57. అది ఇందాకటి 55తో కలవదు, రాసుకుంటుంది. గెయిన్ ఎక్కువైతే ఆ రాపిడే బురదగా మారుతుంది. గెయిన్ తక్కువలో ఉంటే అదే రాపిడి గరుకుగా, అంచు మీద మెరుపులా వినిపిస్తుంది. రెండేళ్ళు నేను పెడల్‌లో వెతికిన గరుకు ఈ గాంధారంలో ఉంది!

ఆ తర్వాత గిటార్ సంగతి చూశాను.

జానీ వాయించింది మోస్రైట్ కంపెనీ వాళ్ళ వెంచర్స్ 2 మోడల్. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్‌లో సెమీ మోజ్లీ అనే ఆయన పెట్టిన కంపెనీ అది. 1974లో మాన్‌హటన్ 48వ వీధిలోని మానీస్ దుకాణంలో జానీ దాన్ని 50 డాలర్ల చిల్లరకు కొన్నాడు. చవకగా వచ్చేది, ఇంకెవరి చేతిలోనూ కనిపించనిది కావాలనుకున్నాడు. ఆయన వాయించాకే అలాంటి గిటార్లకు గిరాకీ పెరిగి, ఇవాళ మనలాంటివాళ్ళకు అందని ధరకు చేరాయి. నా దగ్గరున్నది స్ట్రాటోకాస్టర్ (ముద్దుగా స్ట్రాట్) అనే పేరున్న మోడల్ నమూనాలో చేసిన మామూలు గిటార్. మోస్రైట్ కొనడం కుదరదు. మరి దగ్గర దారి ఏమిటి?

దారి ఆయన గిటార్‌లోనే దొరికింది. తర్వాతి కాలంలో ఆయన ఏళ్ళ తరబడి వాడిన తెల్ల మోస్రైట్‌లో బ్రిడ్జ్ (తీగలు కింద ఆనే చోటు) వైపు పికప్, అంటే తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు తీగచుట్ట, మార్పించి డిమార్జియో ఎఫ్‌ఎస్-1 పెట్టించాడు. ఎఫ్‌ఎస్-1 అసలు స్ట్రాటోకాస్టర్ కోసం చేసిన పికప్. అంటే నా గిటార్‌లో చెక్క చెక్కకుండా, ఏ మార్పూ లేకుండా కూర్చుంటుంది. మామూలు స్ట్రాట్ పికప్ తీగచుట్ట నిరోధం 6 కిలో ఓమ్స్ దగ్గర ఉంటే, దీనిది 13 దాకా ఉంటుంది. చుట్లు ఎక్కువ, కాబట్టి సిగ్నల్ బలంగా వస్తుంది, మధ్య స్థాయి స్వరాలు ముందుకొస్తాయి. అయినా సింగిల్ కాయిల్, అంటే ఒకే తీగచుట్ట ఉన్నది, కాబట్టి మొద్దుబారదు. మొదటి ఆల్బమ్ నాటి, మానీస్‌లో కొన్న నీలం గిటార్ వేరని నాకు తెలుసు. నా చెవికి ఈ తెల్ల గిటార్ కాలం నాటి దెబ్బ కూడా అంతే ఇష్టం, పైగా అందుబాటులో ఉన్నది ఇదే.

మా బావ న్యూజెర్సీలో ఉంటాడు. సంక్రాంతికి వస్తున్నాడని తెలిసి ఫోన్ చేశాను.

"బావా, ఒక చిన్న డబ్బా తేవాలి. అగ్గిపెట్టెకంటే కాస్త పొడుగు, అంతే."

"అంతేనా? మీ అక్క నాకు పెట్టిన లిస్టు చూస్తే నీది కనిపించనే కనిపించదు. ఆర్డర్ పెట్టేయ్, పట్టుకొస్తా."

భోగి రోజు సాయంత్రం అది చేతికొచ్చింది. పండగ మూడు రోజులూ ఆ డబ్బా తెరిచి చూసుకోవడం, మూసెయ్యడం. హైదరాబాద్ వచ్చాక ముందు కోఠీ వెళ్ళాను, గుజరాతీ గల్లీకి. నా గిటార్‌లో వాల్యూమ్ పాట్, అంటే తిప్పే మీట కింద ఉండే నిరోధం, 250 కిలో ఓమ్స్‌ది. అది ట్రెబుల్‌ను కొంత భూమిలోకి వదిలేస్తుంది. 500ది పెడితే పైస్వరాలు ఎక్కువ నిలుస్తాయి. కౌంటర్ దగ్గర కుర్రాడు "ఏ కావాల్నా, బీ కావాల్నా అన్నా?" అని అడిగాడు. నాకు తెలియక బీ తీసుకున్నాను. ఇంటికొచ్చి బిగించాక చూస్తే, పది నుంచి మూడు దాకా తిప్పినా పెద్దగా తేడా లేదు, తర్వాత ఒక్కసారిగా పడిపోతోంది. ఏ అంటే మన చెవి వినే తీరుకు తగ్గట్టు పనిచేసేది, బీ అంటే సమానంగా పెరిగేది. ఆడియోకి ఏ రకమే తీసుకోవాలి. ముప్ఫై రూపాయల వస్తువు కోసం మళ్ళీ కోఠీ వెళ్ళొచ్చాను.

సోల్డరింగ్ నేనే చేశాను. తీగలు వదులు చేసి, పిక్‌గార్డ్ ఎత్తి, పాత పికప్ తీసి కొత్తది పెట్టడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. టోన్ కంట్రోల్‌ను ఆ పికప్ దారిలోంచి తప్పించాను, దాని వల్ల పోయే కాస్త ట్రెబుల్ కూడా పోకూడదని. ఆంప్‌కి తగిలించగానే జుమ్మని హమ్. సింగిల్ కాయిల్ పికప్‌కి హమ్ సహజమే, కానీ ఇది పాట మీద కూర్చునేంత ఉంది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గాలి. వేసినా తగ్గలేదు. అదే ఆచూకీ. గిటార్ బ్రిడ్జ్ నుంచి వచ్చే ఎర్త్ తీగను పాట్ వెనక అతికించడం మర్చిపోయాను. మళ్ళీ విప్పి అతికించాక సగం తగ్గింది.

మిగతా సగం ఇంటిది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు మీద ఉంటే ఒక రకం జుయ్, ఎల్‌ఈడీ లైట్‌కి ఇంకో రకం. మా గదిలో ఒక సాకెట్‌కి ఎర్త్ అసలు కలపనే లేదని ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాకే బయటపడింది. గిటార్ వాయించేవాళ్ళు ఎవరైనా సరే ముందు ఈ సాకెట్ సంగతి చూపించుకోండి. ఇది టోన్‌కి కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం. తీగలు మన చేతిలో ఉంటాయి, అవి ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఆ తర్వాత ఏప్రిల్, మే అంతా ఫ్యాన్ ఆపేసి వాయించాను. ఒక చిన్న సంగతి నాకు భలే నచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే మన హమ్ దాదాపు జి స్వరం. న్యూయార్క్‌లో 60, అది ఎ షార్ప్‌కీ బి కీ సరిగ్గా మధ్యలో పడుతుంది. ఆయన ఆంప్ హమ్, నా ఆంప్ హమ్ శ్రుతి కలవవు.

ఇప్పుడు అసలు కష్టం, చెయ్యి.

జానీ కింది దెబ్బలే వేస్తాడు. డౌన్‌స్ట్రోక్ తర్వాత డౌన్‌స్ట్రోక్. పైకి వచ్చేటప్పుడు పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) తీగలను తాకదు. ఆల్బమ్‌లో మొదటి పాట 'బ్లిట్జ్‌క్రీగ్ బాప్' వేగం నిమిషానికి 175 బీట్ల దరిదాపుల్లో ఉంటుంది. బీట్‌కి రెండు దెబ్బల చొప్పున నిమిషానికి 350. సెకనుకు దాదాపు ఆరు, అన్నీ కిందికే. పైకీ కిందికీ వాయిస్తే చెయ్యి చేసే పని సగమవుతుంది కదా, వినేవాడికి తేడా ఏం తెలుస్తుంది అనిపిస్తుంది. తెలుస్తుంది. కింది దెబ్బలో పిక్ ముందు లావు తీగను తాకి సన్న తీగ వైపు వెళ్తుంది. పై దెబ్బలో సన్న తీగ ముందు మోగుతుంది, బలం కూడా తగ్గుతుంది. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి లావు, ఒకటి సన్నం. అప్పుడు లయలో ఊపు వస్తుంది, ఉయ్యాలలా. జానీ గిటార్‌లో ఉయ్యాల లేదు. ప్రతి దెబ్బా ముందు దెబ్బంతే ఉంటుంది. గోడ కడుతున్నట్టు ఇటుక పక్కన ఇటుక.

నేను 120 దగ్గర మొదలుపెట్టాను. 140 దాకా నెలలో వచ్చాను. అక్కడ ఆగిపోయాను. రెండు నిమిషాలు వాయించేసరికి మోచేతి దగ్గర నుంచి మణికట్టు దాకా రాయిలా బిగుసుకుపోయేది. నొప్పితోనే వాయిస్తే అలవాటవుతుందనుకుని ఒక వారం మొండిగా చేశాను. ఆ వారం చివర చేత్తో నీళ్ళ బాటిల్ మూత తిప్పలేకపోయాను. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే పది రోజులు గిటార్ ముట్టుకోవద్దన్నారు. వినాల్సిన మాట అది, విన్నాను.

ఆ పది రోజుల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోత. నిద్రపట్టక అట్ట ముక్క పట్టుకుని మా పాపకు విసురుతున్నాను. ఐదు నిమిషాలకే చెయ్యి లాగింది. అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఊళ్ళో మేం నలుగురు పిల్లలం వరసగా పడుకుంటే, తాటాకు విసనకర్రతో గంటల తరబడి విసిరేది. కబుర్లు చెప్తూ, ఒక్కోసారి కునుకు తీస్తూ కూడా విసిరేది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమెకు నొప్పి ఎందుకు రాలేదు? కళ్ళు మూసుకుని ఆ చెయ్యి గుర్తుచేసుకున్నాను. మోచెయ్యి మోకాలి మీద ఆనించి ఉండేది, కదిలేది కాదు. విసనకర్ర కాడను పిడికిట్లో బిగించి పట్టుకునేది కాదు, రెండు మూడు వేళ్ళ మధ్య జారకుండా నిలిపేది. మణికట్టు ఒక్కటే తిరిగేది. విసురు కిందికి పడ్డాక పైకి దాని బరువుతో అదే వచ్చేది.

పది రోజులయ్యాక గిటార్ తీసుకుని అదే చేశాను. ముంజేతిని గిటార్ అంచు మీద ఆనించాను. పిక్‌ను జారకుండా ఉండేంత మాత్రమే పట్టుకున్నాను. కిందికి కొట్టడం మానేసి, విసిరాను. చెయ్యి పైకి తీసుకురావడానికి బలం పెట్టడం ఆపేశాను. 130 దగ్గర మళ్ళీ మొదలుపెట్టి, వారానికి మూడు నాలుగు బీట్ల కంటే ఎక్కువ పెంచలేదు. నొప్పి అనిపిస్తే ఆ రోజుకి అంతే. వినాయక చవితి నాటికి 160. దీపావళి దాటాక 175 మీద ఒక పాట మొత్తం, రెండు నిమిషాల పైచిలుకు, ఆగకుండా వాయించాను. ఎడమచేతికి కూడా ఇదే పాఠం. బార్ కార్డ్ మారేటప్పుడు బొటనవేలు మెడ వెనక నొక్కిపెడితే జారదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక్క క్షణం వదులు చేస్తే చెయ్యి దానంతట అదే పక్క ఫ్రెట్‌కి వెళ్తుంది.

చేతితో పాటు టోన్ కూడా మారింది. అదే గిటార్, అదే పికప్, అదే చిన్న ఆంప్. బిగబట్టి కొట్టినప్పుడు ప్రతి దెబ్బ ముందూ టప్ అని పిక్ శబ్దం వచ్చి స్వరం వెనకబడేది. విసిరితే తీగలు ఆరూ దాదాపు ఒకేసారి విచ్చుకుంటున్నాయి.

ఇంట్లో చెయ్యగలిగింది అక్కడితో అయిపోయింది. మిగిలింది వాల్యూమ్. వేదికల మీద జానీ వెనక ఉండేవి మార్షల్ కంపెనీ స్టాక్‌లు, అంటే స్పీకర్ పెట్టెల మీద పేర్చిన ఆంప్‌లు. అవి వాల్వ్ ఆంప్‌లు, పాత రేడియోల్లో లాంటి గాజు గొట్టాలతో పనిచేసేవి. గట్టిగా పెట్టినప్పుడు చివరి వాల్వ్‌లు, స్పీకర్లు కూడా అలసిపోయి కాస్త నలుగుతాయి. ఆ నలుగుడు పెడల్‌లో పుట్టే డిస్టార్షన్ లాంటిది కాదు. చేతి బలానికి తగ్గట్టు మారుతుంది. అపార్ట్‌మెంట్లో అది ఎలాగూ కుదరదు. మా నగరంలో గంటకు అద్దెకిచ్చే జామ్ రూమ్‌లు ఉన్నాయి. ఒకదాంట్లో 50 వాట్ల వాల్వ్ మార్షల్ ఉందని తెలిసి ఆదివారం ఉదయం రెండు గంటలు బుక్ చేశాను. 100 వాట్లది కావాలి కదా అని బెంగపడక్కర్లేదు. వాట్లు సగమైతే శబ్దం తగ్గేది 3 డెసిబెల్సే.

ఇంట్లో పెట్టుకున్న సెట్టింగులే అక్కడా పెట్టాను. బేస్ ఎనిమిది, మిడ్ నాలుగు, ట్రెబుల్ ఎనిమిది. గది అదిరింది కానీ టోన్ మళ్ళీ పాత బురదే. భయం వేసింది, ఏడాది కష్టం ఇదేనా అని. కాసేపు కూర్చుని ఆలోచిస్తే కారణం దొరికింది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి అడుగు స్వరాలనూ పై స్వరాలనూ సరిగ్గా పట్టుకోదు, మధ్యవే ఎక్కువ వింటుంది. అందుకని ఇంట్లో తెలియకుండానే మిడ్ తగ్గించి మిగతావి పెంచేస్తాం. శబ్దం పెరిగేసరికి చెవి అన్నీ వింటుంది, మనం అదనంగా పెంచినవి మీద పడతాయి. బేస్ మూడుకి దించాను, మిడ్ ఏడుకి ఎత్తాను, ట్రెబుల్ ఆరు. గెయిన్ అంతంతమాత్రం, వాల్యూమ్ ఏడు. చెవుల్లో ప్లగ్స్ పెట్టుకుని ఎ కార్డ్ ఒక్కసారి విసిరాను.

అది వచ్చింది.

వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇంకోసారి వాయించడానికి నిమిషం పట్టింది, ఎందుకంటే ఆ కార్డ్ పూర్తిగా ఆరిపోయేదాకా వినాలనిపించింది.

తర్వాతి వారం మా ఇద్దరు స్నేహితుల్ని పిలిచాను. ఒకడు డ్రమ్స్, ఒకడు బేస్. బేస్ వాయించేవాడు చర్చిలో వాయిస్తాడు, వేళ్ళతో, చక్కగా, మెత్తగా.

"ఒరేయ్, ఇవాళ వేళ్ళు వద్దురా. పిక్‌తో వాయించు. నేను ఏ కార్డ్ వాయిస్తే దాని సా ఒక్కటే, అన్నీ కిందికే."

"పాట మొత్తం అంతేనా?"

"మొత్తం అంతే."

డీ డీ కూడా పిక్‌తో, డౌన్‌స్ట్రోక్‌లతోనే వాయించేవాడు. రెండు వాయిద్యాలూ ఒకే దెబ్బ మీద పడ్డప్పుడు కింది సగం ఆయనది, పై సగం జానీది. ఇద్దరి మధ్య సందు ఉండదు. మావాడు మొదటి పది నిమిషాలు ఇబ్బంది పడ్డాడు. తర్వాత వాడి ముఖం మారింది. "ఇది తేలిక కాదురా" అన్నాడు. మూడోసారి వాయించినప్పుడు డ్రమ్స్ వాడు లెక్కపెట్టగానే ముగ్గురం ఒకే చోట పడ్డాం, పాట చివరిదాకా విడిపోలేదు. గిటార్ ముందు ఎస్‌ఎమ్57 మైక్ పెట్టాం, స్పీకర్ గుడ్డకు రెండు అంగుళాల దూరంలో. కోన్ నడిమధ్యకు కాకుండా, మధ్యనున్న గుండ్రటి మూత అంచుకు గురిపెట్టాం. నడిమధ్యలో పెడితే చెవిలో గుచ్చుకుంది, బయటికి జరిపితే మసకబారింది.

మిక్స్ చేయడానికి నాకు పెద్దగా పని లేదు. గిటార్ కుడికి, బేస్ ఎడమకు, డ్రమ్స్ మధ్యలో. పాడే ధైర్యం ముగ్గురికీ చాలలేదు, కాబట్టి గొంతు లేదు.

కింద పార్కింగ్‌లో మావాడి కారులో కూర్చుని విన్నాం. స్టీరియోలో బ్యాలెన్స్ కుడికి తిప్పమన్నాను. గిటార్ వచ్చింది. పల్చగా, గరుగ్గా, వడగళ్ళలా. నిమిషం పది సెకన్ల దగ్గర రెండు దెబ్బలు బలహీనంగా పడ్డాయి. అక్కడ అలసిపోయి పైకి వాయించేశానని నాకు తెలుసు, వాళ్ళిద్దరికీ చెప్పాను కూడా. బేస్ వాయించినవాడు తనే చెయ్యి చాపి బ్యాలెన్స్ ఎడమకు తిప్పి తన భాగం విన్నాడు. తర్వాత నెమ్మదిగా మధ్యకు తెచ్చాడు. రెండూ కలిసిన చోట కారు తలుపుల్లోని స్పీకర్లు సన్నగా అదిరాయి.

పాట అయిపోయింది. వెనక సీట్లోంచి డ్రమ్స్ వాడు అన్నాడు, "మళ్ళీ పెట్టు."